పలచటి పుస్తకాల వారం

తెలుగులో గొప్ప నవల పేరు చెప్పమంటే మనలో చాలామంది లావుపాటి పుస్తకం పేరే చెబుతారు. ‘వేయిపడగలు’ అంటారు, ‘మాలపల్లి’ అంటారు, ‘అనుక్షణికం’ అంటారు. వాటి గొప్పతనాన్ని కాదనేవాళ్లలో నేను లేను. అయితే ఈ వారం నేను చదివినవి దాదాపు అన్నీ పలచటి పుస్తకాలు. ఒక్క రాత్రిలోనో, రెండు మూడు పూటల్లోనో అయిపోయేవి. కొన్ని కాలేజీ రోజుల్లో చదివి పక్కన పెట్టినవి, కొన్ని అలమరలో ఉండి కూడా ఇన్నేళ్లూ తెరవనివి. వరసగా చదువుతూ పోతే ఒక సంగతి గట్టిగా తోచింది. మన నవలాకారులు తమ బలమంతా చూపించింది చిన్న నవలలోనే. ఒక మనిషి, ఒక భయం, ఒక రాత్రి, ఒక ఊరు చాలు వాళ్లకు. అంతకు మించి పరిధి పెంచుకున్నప్పుడు చాలామంది చేతులు తడబడ్డాయి.

దీనికి కారణం లేకపోలేదు. మన పెద్ద నవలల్లో ఎక్కువ భాగం వారపత్రికల సీరియల్స్‌గా పుట్టాయి. వారం వారం పాఠకుణ్ని పట్టి ఉంచాలి, కథ బాగా నడుస్తుంటే ఇంకొన్ని వారాలు లాగాలి. అలా లాగిన చోట మంచి రచయితలు కూడా పలచబడ్డారు. చిన్న నవల రాసేవాడికి ఆ ఒత్తిడి తక్కువ. ఎక్కడ ఆపాలో తనే తేల్చుకుంటాడు.

భయం ఎలా తయారవుతుంది

మొదట పట్టుకున్నది రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’. రావిశాస్త్రి అనగానే ‘ఆరు సారా కథలు’, కోర్టు వరండాలు, పోలీసులు, ముద్దాయిలు గుర్తొస్తారు. విశాఖపట్నంలో ప్లీడరుగా బతికిన మనిషి కాబట్టి ఆ లోకం ఆయనకు కొట్టిన పిండి. 1950ల్లో వచ్చిన ఈ తొలి నవలలో మాత్రం ఆ హోరు లేదు. ఇక్కడ ఉన్నది సుబ్బయ్య అనే ఒక గుమాస్తా. అతనికి అన్నిటికీ భయమే. ఆఫీసులో పైవాడంటే భయం, ఇంట్లో భార్య సావిత్రి అంటే భయం, ఎదుటివాడు గొంతు పెంచితే భయం. బావమరిది వెంకట్రావు అవసరం కోసం కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకోవలసి వస్తుంది. అక్కణ్నుంచి ఆ డబ్బు అతని మెడకు చుట్టుకుంటుంది.

చెప్పుకోవడానికి కథ ఇంతే. కానీ రచయిత ఆ భయం లోపలికి వెళ్లి కూర్చున్నాడు. గవరయ్య ఎదుట నిలబడ్డప్పుడు సుబ్బయ్య బుర్రలో ఏమేం తిరుగుతాయో, అనదలచుకున్న మాట గొంతుదాకా వచ్చి ఎలా వెనక్కి పోతుందో, ఇంటికొచ్చాక అదే మాటను తనలో తాను ఎంత ధైర్యంగా అనుకుంటాడో చదువుతుంటే మన ఒంట్లోనే ఆ వణుకు పుడుతుంది. ఈ పద్ధతిలో జేమ్స్ జాయిస్ ప్రభావం ఉందని విమర్శకులు చెబుతూ వచ్చారు. ఉండవచ్చు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది, పిరికివాణ్ని రచయిత వెక్కిరించకపోవడం. పిరికితనం పుట్టుకతో వచ్చిన గుణమని ఆయన ఒప్పుకోడు. చాలీచాలని జీతం, పోతుందేమోనన్న ఉద్యోగం, నలుగురిలో పరువు, ఇవన్నీ కలిసి ఒక మనిషిని రోజూ కొంచెం కొంచెం అరగదీస్తే సుబ్బయ్య తయారవుతాడు. ఈ ఒక్క విషయాన్ని ఇంత వివరంగా, ఇంత తక్కువ చోటులో చూపించిన నవల తెలుగులో ఇంకొకటి నాకు కనబడలేదు.

లోపం లేదా అంటే ఉంది. మనోరమ పరిచయం అయ్యాక సుబ్బయ్యలో కదలిక మొదలవుతుంది. ఆ కదలిక మనకు నచ్చుతుంది గానీ, మనోరమ వైపు నుంచి చూడడానికి నవల పెద్దగా తీరిక చేసుకోదు. ఆమె అతని కోసమే వచ్చినట్టు అనిపిస్తుంది. ఆమె ఒంటరితనానికి ఇంకో పది పేజీలు ఇచ్చి ఉంటే బాగుండేది.

రావిశాస్త్రి తర్వాత ‘రాజు–మహిషి’, ‘రత్తాలు–రాంబాబు’ లాంటి పెద్ద నవలలకు పూనుకున్నారు. రెండూ అసంపూర్ణంగానే మిగిలిపోయాయి. వాటిలో ఒక్కో అధ్యాయం విడిగా తీసి చదివితే ఇంత వాక్యం ఎవరు రాయగలరు అనిపిస్తుంది. అయినా పుస్తకం మూసేశాక మనసులో నిలబడే మొత్తం రూపం ‘అల్పజీవి’దే.

అదే ఊపులో త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ మళ్లీ చదివాను. 1940ల నాటి నవల. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా దీనికి పేరు. తనకు ప్రశ్నించడం నేర్పిన తండ్రికి, అంటే కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరికి, గోపీచంద్ దీన్ని అంకితమిచ్చారు. సీతారామారావు ఆస్తి పోగొట్టుకున్నా వంశగౌరవాన్ని పోగొట్టుకోలేని మనిషి. లోకం మీద కోపం, తన మీద కోపం, ఆ కోపాన్ని భార్య ఇందిర మీద చూపించడం, చివరికి శ్మశానం. సుబ్బయ్య పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. సుబ్బయ్యను బయటి మనుషులు నలిపేస్తే, సీతారామారావు తనను తానే తినేస్తాడు. చర్చలు వచ్చినచోట, ముఖ్యంగా రామయ్య తాత తత్వం మాట్లాడేచోట, నవల కాస్త వ్యాసంలోకి జారుతుంది. ఆ భాగాలు నాకు ఇప్పుడు బరువనిపించాయి. కానీ ఇంట్లో అతను ప్రవర్తించే తీరు రాసిన పేజీలు ఇవాళ రాసినట్టే ఉన్నాయి. అలాంటి మొగవాళ్లు ప్రతి వీధిలోనూ కనబడతారు.

చలం ‘మైదానం’ దగ్గర ఎక్కువసేపు ఆగను. 1927లో ప్లీడరు భార్య రాజేశ్వరి అమీరు వెంట వెళ్లిపోవడమే కాదు, ఆ కథను తన నోటితో తనే చెప్పుకోవడం ఎంత సాహసమో అందరూ చెప్పిందే. ఇప్పుడు చదివితే అమీరు చేసే హింసను ప్రేమ కింద జమ కట్టే చోట్ల నాకు ఊపిరి ఆడలేదు. ఆ వాక్యంలోని వేగం మాత్రం తొంభై ఏళ్లు దాటినా తగ్గలేదు. రెండూ నిజమే.

ఒకే ఒక్క నవల రాసిన డాక్టరు

ఈ వారం నన్ను పూర్తిగా లోబరుచుకున్న పుస్తకం డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. దీన్ని చిన్న నవల అనడానికి కొందరు ఒప్పుకోకపోవచ్చు, మిగతావాటికన్నా కాస్త పెద్దదే. పైగా సీరియల్స్ గురించి నేను పైన అన్నమాటకు ఇది ఎదురు నిలుస్తుంది. 1957–58లో ‘తెలుగు స్వతంత్ర’లో వారం వారం వచ్చినదే ఇది. కానీ ఎక్కడా సాగదీయలేదు, అనవసరమైన మనిషి ఒక్కడూ లేడు. అందుకే నా జాబితాలోకి తెచ్చుకున్నాను.

విశాఖపట్నంలో ఒక ఇల్లు. ఇందిర ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతుంది. తండ్రి ఆనందరావు కూతురి సంపాదన మీద బతుకుతాడు. అదే ఇంట్లో అద్దెకుండే ప్రకాశం మెడిసిన్ చదువుతున్నాడు. కల్యాణి చదువుకోవడానికి వచ్చి అక్కడ చేరుతుంది. ప్రకాశం స్నేహితుడు కృష్ణమూర్తి, వసుంధర, డాక్టర్ చక్రవర్తి. ఇంతమందీ ఒకరి జీవితంలోకి ఒకరు వచ్చిపోతూ ఉంటారు. ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకుంటారన్నది పైకి కనిపించే కథ. అసలు కథ ఇందిరది.

తెలుగు నవలల్లో ఆడవాళ్లు అప్పటికి రెండు రకాలుగా ఎక్కువ కనిపించేవాళ్లు: ఓర్చుకునేవాళ్లు, తిరగబడేవాళ్లు. ఇందిర ఈ రెండింటిలోనూ ఇమడదు. ఆమెకు సిద్ధాంతం లేదు. సుఖంగా బతకాలని ఉంది. ఆ కోరికను దాచుకోవడానికి ఆమె మంచితనం నటించదు. ప్రకాశం మీద మనసు పడింది, అతణ్ని తనవైపు తిప్పుకోవాలని చూసింది. అతను తల్లికీ మేనమామకూ ఎదురు చెప్పలేక తల వంచేసరికి ఏడుస్తూ కూర్చోలేదు. అలాంటివాడితో జీవితం పంచుకోలేనని తేల్చుకుంది. కృష్ణమూర్తిని ఎంచుకోవడం కూడా కళ్లు తెరుచుకుని, అతని లోపాలు తెలిసి, తన షరతుల మీద చేసిన పని. కల్యాణికి ఆమె చేసిన అన్యాయం చిన్నది కాదు. రచయిత్రి దాన్ని మరుగుపరచదు, అందుకు శిక్ష కూడా వేయదు. తీర్పు చెప్పే పనిని మనకు వదిలేసింది.

ప్రకాశాన్ని చూడండి. చెడ్డవాడు కాదు. చదువుకున్నవాడు, మెత్తనివాడు, ఎవరినీ నొప్పించకూడదనుకునేవాడు. ఆ మెత్తదనం వల్ల ఇద్దరు ఆడపిల్లలకు ఎంత నష్టం జరిగిందో శ్రీదేవి ఒక వైద్యురాలికి ఉండే నిదానంతో చూపించారు. ఇలాంటి మగవాణ్ని ఇంత సూటిగా చూసిన నవల ఆ కాలంలో వేరే ఉందా అని ఆలోచిస్తే నాకు జవాబు దొరకలేదు. సంభాషణ కూడా పుస్తకాల భాష కాదు. ఒకే ఇంట్లో రోజూ ఎదురుపడేవాళ్లు మాట్లాడుకునే భాష, చెప్పినదానికన్నా దాచినది ఎక్కువ ఉండే భాష.

దీన్ని ఆధారం చేసుకుని 1963లో ఆదుర్తి సుబ్బారావు ‘చదువుకున్న అమ్మాయిలు’ తీశారు. సరదాగా సాగే సినిమా, పాటలు బాగుంటాయి. కానీ నవలలోని ఇందిరను తెరమీద వెతుక్కుంటే దొరకదు. ఆమెలోని పదును ఆనాటి తెరకు పట్టలేదు.

శ్రీదేవి 1929లో పుట్టి 1961లో వెళ్లిపోయారు. వృత్తి వైద్యం. కొన్ని కథలు, కవితలు రాశారు. నవల మాత్రం ఇదొక్కటే. చివరి పేజీ మూసి ఆ రెండు సంవత్సరాలనూ చూసినప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. ముప్పై నిండకముందే ఇందిరను సృష్టించిన చేయి నలభైల్లో, యాభైల్లో ఏం రాసి ఉండేదో!

అడవి, ఎద్దు, అలమండ

డాక్టర్ల వరసలోనే ఇంకొకరు, కేశవరెడ్డి. చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ జీవితంలో ఎక్కువ భాగం గడిపారు. 2015లో మరణించారు. ఉన్నది నిజామాబాద్ ప్రాంతంలో, రాసింది మాత్రం పుట్టిన సీమ మనుషుల గురించి. దాదాపు అన్నీ చిన్న నవలలే. చిన్న నవల ఒక పూర్తి కళారూపమని, పెద్ద నవలకు దారిలో మజిలీ కాదని జీవితాంతం నమ్మి రాసిన తెలుగు రచయిత ఆయనే అనిపిస్తుంది.

‘అతడు అడవిని జయించాడు’లో ఉన్నది ఒక ముసలివాడు, ఒక పంది, ఒక రాత్రి. పందులు కాసుకు బతికే ముసలివాడు మందలోంచి తప్పిపోయిన తల్లిపందిని వెతుక్కుంటూ పొద్దువాలే వేళ అడవిలోకి వెళతాడు. అది అక్కడ ఈని, పిల్లల్ని కాచుకుని ఉంది. ఇప్పుడు అది తన యజమానిని కూడా దగ్గరికి రానివ్వదు. మరోవైపు నక్కలు వాసన పట్టాయి. పిల్లల్ని కాపాడాలంటే అతను తల్లికి దగ్గర కావాలి, తల్లి అతన్నే శత్రువనుకుంటోంది. ఈ ముడిని పట్టుకుని కేశవరెడ్డి తెల్లవారేదాకా నడిపించారు. ఎలా ముగిసిందో చెప్పను. పేరులోని ‘జయించాడు’ అన్నమాటను ముగింపు దగ్గరకొచ్చి మళ్లీ చదువుకోండి.

హెమింగ్వే ముసలి జాలరితో దీన్ని పోల్చడం అలవాటైపోయింది. ఆ పోలిక కొంతదూరం నిలుస్తుంది. కానీ ఈ ముసలివాడికి అడవితో ఉన్న సంబంధం పోటీ కాదు, పరిచయం. ఏ చెట్టు ఎక్కితే ఎంత దూరం కనబడుతుందో, ఏ చప్పుడు ఏ జంతువుదో, గాలి ఎటు తిరిగితే తన వాసన ఎటు పోతుందో అతనికి తెలుసు. ఆ తెలివి ముందు మన చదువులు ఎంతపాటివి అనిపిస్తుంది. పంది కాసేవాణ్ని నాయకుణ్ని చేసి, అతని తెలివినీ ఓపికనూ వీరగాథకు తగ్గ గంభీరతతో రాయడం, 1980ల్లో తెలుగు నవలకు ఆయన చేసిన పెద్ద మేలు.

‘మునెమ్మ’ 2008లో పుస్తకంగా వచ్చినప్పుడు సాహిత్య పేజీల్లో పెద్ద చర్చే జరిగింది. బొల్లిగిత్త అనే ఎద్దును మునెమ్మ భర్త జయరామి చితకబాది సంతకు అమ్మకానికి తోలుకుపోతాడు. ఎద్దు తిరిగొస్తుంది, మనిషి రాడు. మునెమ్మ మరిది వరసయ్యే కుర్రవాణ్ని వెంటబెట్టుకుని, ఎద్దుతో సహా భర్త జాడ వెతుక్కుంటూ బయల్దేరుతుంది. ఆడదానికీ ఎద్దుకూ మధ్య ఉన్న బంధం మీద, అందులో రచయిత చూసిన అర్థాల మీద గొడవంతా జరిగింది. ఆ అభ్యంతరాల్లో కొన్ని న్యాయమైనవే. అయినా ఆ వాదాలన్నీ పక్కన పెట్టి ముందు నవల చదవండి. చిత్తూరు మాట, దుమ్ము దారి, సంతలో మనుషుల గుట్టు, వీటిమధ్య ఒక పల్లెటూరి ఆడమనిషి ఏమాత్రం తొణక్కుండా నిజాన్ని ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ పోవడం మరిచిపోలేం. నా మటుకు నాకు రెండింటిలో ‘అతడు అడవిని జయించాడు’ గొప్పది. ‘మునెమ్మ’లో రచయిత ముందే ఒక తీర్పు రాసుకుని కథను దానివైపు నడిపించాడేమో అన్న అనుమానం చివరిదాకా వదల్లేదు.

కె.ఎన్.వై. పతంజలి ‘గోపాత్రుడు’ ఒక్క బిగిన అయిపోయింది. పతంజలి పుట్టింది విజయనగరం జిల్లా అలమండలో, చేసింది పత్రికా రచన. భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న ఒక్క వాదులాట మీద ఊరు ఊరంతా చీలిపోవడం దీని కథ. ‘పిలక తిరుగుడు పువ్వు’లో అదే గొడవ కోర్టు ఎక్కుతుంది. ఎన్ని చోట్ల బిగ్గరగా నవ్వానో చెప్పలేను. కానీ ఆ నవ్వు కింద పతంజలికి ఉన్న బాధ నిజమైనది: మనుషులు నమ్మకాల కోసం కాదు, పంతాల కోసం చస్తారు. 2009లో పోయిన రచయిత, ఇవాళ్టి ప్రతి టీవీ చర్చనూ ముందే చూసినట్టు రాశాడు.

నచ్చనివీ చెప్పాలి. నవీన్ ‘అంపశయ్య’ను ఎన్నాళ్లుగానో చదవాలనుకున్నాను. 1969లో వచ్చింది, ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒకే ఒక్క రోజు కథ. ఆ పుస్తకం పేరే రచయితకు ఇంటిపేరైంది. పల్లె నుంచి వచ్చిన పేద కుర్రాడి న్యూనత, మెస్ బిల్లు కట్టలేని సిగ్గు, ముంచుకొస్తున్న పరీక్షలు, ఆడపిల్లల ముందు మాట పెగలకపోవడం, వీటిలో అబద్ధం ఒక్కటి లేదు. తెలంగాణ పల్లెల నుంచి హైదరాబాద్ చేరిన ఒక తరం తన ముఖాన్ని అందులో చూసుకుంది. కానీ ఒక రోజు కోసం అన్ని పేజీలు అవసరమా? రవి మనసు అదే బాధ చుట్టూ, అవే మాటలతో మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ‘అల్పజీవి’ నిడివిలో ఇది వచ్చి ఉంటే తెలుగులో దీనికి సాటి ఉండేది కాదు.

కొత్తవాటిలో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ పూర్తిచేశాను. 2019 తానా నవలల పోటీలో బహుమతి పొందింది, క్రిష్ దాన్ని 2021లో సినిమాగా తీశారు. కరువులో మేత, నీళ్లు లేక కడప జిల్లా గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కడం ఇందులో విషయం. గొర్రెల్ని కట్టడి చేసే తీరు, నీటి జాడ పట్టడం, రాత్రుళ్లు పులి భయంతో కాపలా, ఇవన్నీ చేసినవాళ్ల దగ్గర విని, చూసి రాసినట్టున్నాయి. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని రవీంద్ర ఆ అడవిలో ధైర్యం నేర్చుకుంటాడు. ఆ నేర్చుకోవడాన్ని రచయిత మాటిమాటికీ మనకు గుర్తు చేయకుండా ఉండాల్సింది. గొర్రెలు, కొండ, పులి ఆ పని ఎప్పుడో చేసేశాయి. అయినా నల్లమలను ఇంత దగ్గరగా చూపించినందుకు సన్నపురెడ్డికి నేను రుణపడి ఉంటాను.

చిన్న నవలకు మనకొక ఇల్లు ఉండేది. 1978లో మొదలైన ‘చతుర’ నెలకొక నవలను సంచికగా ఇచ్చేది. బస్సు ఎక్కేముందు స్టాండులో కొనుక్కుని, దిగేలోపు చదివేసినవాళ్లు లక్షల్లో ఉంటారు. కొత్త రచయితకు అచ్చు పుస్తకం వేసే స్తోమత లేకపోయినా నవలగా జనంలోకి వెళ్లే దారి అది. 2021లో ఆ పత్రిక ఆగిపోయింది. దాని స్థానంలో మరొకటి రాలేదు. ఇప్పుడు చిన్న నవల రాసినవాడు కథల సంకలనంలో ఇమడ్చలేక, పుస్తకంగా వేస్తే పలచగా ఉందంటారేమోనని జంకి, ఇంకో వంద పేజీలు పెంచుతున్నాడు. ఆ పెంచిన పేజీలే నవలను చంపుతున్నాయి.

ప్రచురణకర్తలకు ఒక విన్నపం. పలచటి పుస్తకాన్ని పలచగానే వేయండి, తక్కువ ధరకు వేయండి, కేశవరెడ్డి నవలలూ శ్రీదేవి నవలా ఏ ఊరి పుస్తక ప్రదర్శనలోనైనా దొరికేటట్టు చూడండి. కొత్తగా రాస్తున్నవాళ్లు కథ అయిపోయిన చోట ధైర్యంగా ఆపండి. చదివేవాళ్లకు ‘కాలాతీత వ్యక్తులు’తో మొదలుపెట్టమని నా సలహా. మీ ఇంట్లో ఇరవై ఏళ్ల అమ్మాయి ఉంటే ముందు ఆమె చేతికివ్వండి, ఆమె చదివాక మీరు చదవండి.